వేశానన్న బేరింగు

ఈ మధ్య ఒక సాయంత్రం జర్మనీలోని మా ఊరు ష్వైన్‌ఫర్ట్ స్టేషను నుంచి ఇంటికొచ్చే బస్సులో ఒకాయన నా పక్క సీట్లో కూర్చున్నాడు. ముసురు పట్టిన రోజు. కిటికీలన్నీ మూసి ఉన్నాయి. తడిసిన ఆయన కోటులోంచి గేర్ ఆయిల్ వాసన వచ్చింది. ఇంజను ఆయిల్ వాసన వేరు, అది కాస్త కమ్మగానే ఉంటుంది. గేర్ ఆయిల్‌ది గంధకం కలిసిన మురుగు వాసన. చేతికంటితే ఎంత తోమినా వారం దాకా వదలదు. నేను రెండు స్టాపుల ముందే దిగిపోయి వానలో నడిచాను. మా ఆవిడ తలుపు తీసి, "సంచిలో గొడుగు పెట్టుకుని ఇలా తడిశారేంటి?" అంది. కోటేశ్వరరావుగారు గుర్తొచ్చారని చెప్పలేదు. ఆ పేరు మా ఇంట్లో ఎత్తడం మానేసి చాలా కాలమైంది.

మీలో ఎవరూ ఆయన్ని చూసి ఉండరు. బెజవాడ ఆటోనగర్‌లో లారీ గేర్‌బాక్సుల మెకానిక్‌గా మొదలై, ఒక జర్మన్ ఇంజనీరు చలవతో కుర్రతనంలోనే ఈ ఊరొచ్చి, ఇక్కడి ఫ్యాక్టరీలో ముప్పై ఏళ్ళకు పైగా క్లచ్ ప్లేట్లు చేసి రిటైరైన మనిషి. భార్య పోయారు. ఒక్కతే కూతురు సుధ, జార్‌బ్రూకెన్‌లో కాపురం. నేనొచ్చేసరికి ఆయనకు డెబ్బై దాటాయి. నేను మా ఆవిడ ఉద్యోగ వీసా, బ్లూకార్డు, వెనక వచ్చినవాణ్ణి. వరంగల్‌లో ఒక దినపత్రిక డెస్కులో పద్దెనిమిదేళ్ళు ఇతరుల వార్తలు దిద్దాను. ఇక్కడ దిద్దడం మాట అటుంచి, చదవడానికే భాష రాదు. ఆవిడ పొద్దున్నే లాప్‌టాప్ ముందు కూర్చుంటే నేను వీధులు పట్టుకుని తిరిగేవాణ్ణి. అలా తిరుగుతూ ఒకరోజు మా వీధి చివరి అద్దె గరాజుల వరసలో, ఒక కారు కిందనుంచి బయటికి చాచి ఉన్న రెండు కాళ్ళు చూశాను. కాళ్ళ పక్కన స్టీలు గ్లాసులో టీ. అది చూసి ఆగి, నమస్కారమండీ అన్నాను.

"సాక్సుల మీద చెప్పులేసుకున్నావు, జర్మనోడివనుకున్నా," అంది కారు కింది గొంతు. "ఏ ఊరయ్యా?"

"వరంగల్ అండీ."

"ఏం చేస్తుంటావు?"

"పత్రికలో పనిచేసేవాణ్ణండీ."

"ఇప్పుడు?"

కింది నుంచి ఒక చెయ్యి బయటికొచ్చింది. "అయితే ఆ ఎర్రగుడ్డ మీదున్న స్పానరందుకో, విలేకరీ."

నేను విలేకరిని కాదు, డెస్కువాణ్ణని తర్వాత చాలాసార్లు చెప్పాను. ఆయనకు పట్టలేదు. అలాగే ఆయన నాకు బాబాయిగారయ్యారు.

ఆ కారు ఒక అమెరికన్ సైనికుడిది. ఈ ఊళ్ళో వాళ్ళ దండు ఉన్న రోజుల్లో తెచ్చుకున్నాడు, వెళ్ళేటప్పుడు ఈయనకు అమ్మి పోయాడు. పొడుగాటి ముక్కు, రెండే తలుపులు, స్టార్టు చేస్తే గరాజు రేకులు అదిరే ఎనిమిది సిలిండర్ల ఇంజను. కానీ గేర్లు ఆటోమేటిక్. అదే ఆయన బాధ. "ఊరందరికీ క్లచ్‌లు చేసిచ్చానయ్యా, నా బండికి క్లచ్చే లేదు. భోజన హోటలు పెట్టినోడికి ఇంట్లో రొట్టెముక్క పడేసినట్టుంది," అనేవారు. ఆ మోడల్‌కే సరిపడే పాత నాలుగు గేర్ల మాన్యువల్ గేర్‌బాక్సు ఏళ్ళ కిందటే సంపాదించి, దుప్పటి చుట్టి గరాజు మూల దాచుకున్నారు. ఎప్పటికప్పుడు వచ్చే ఏడాది అనుకుంటూ పోయారు. ఇంతలో కరోనా వచ్చింది. అప్పటికే ఆయన రెండు కళ్ళలోనూ శుక్లాలు ముదిరాయి. ఆపరేషనుకి దొరికిన టెర్మిన్, అంటే డాక్టరిచ్చిన తేదీ కాస్తా, ప్రాణాపాయం లేనివన్నీ వాయిదా వేస్తున్నామన్న ఉత్తరంతో పోయింది.

రెండో లాక్‌డౌన్ చలికాలంలో ఒక ఇంటివాళ్ళు బయటి మనిషిని ఒక్కరినే కలవాలన్న నిబంధన పెట్టారు. ఆయనకు ఆ ఒక్క మనిషీ నేనయ్యాను. "నీకు పని లేదు, నాకు చూపు లేదు. గవర్నమెంటే మనిద్దరికీ పెళ్ళి చేసింది," అని నవ్వారు. ఆ వారమే పని మొదలుపెట్టాం. రెండో రోజో మూడో రోజో సుధ ఫోన్ చేసింది. చేతులకు గ్రీజు కాబట్టి స్పీకర్లో పెట్టారు.

"నాన్నా, పొయ్యి మీద గిన్నె మాడబెట్టావట. పక్కింటావిడ చెప్పింది. ఇంక ఒక్కడివీ ఉండొద్దు, మా దగ్గరికి వచ్చెయ్."

"గిన్నె మాడితే మనిషి మాడినట్టేనా?"

"కనబడట్లేదు నీకు. ఒప్పుకోవు."

"చేతులకి కనబడతాయి లేవే. ఈ గేర్‌బాక్సు కూర్చోబెట్టి వీధి చివరిదాకా నడిపి వీడియో పంపిస్తా. నడిచిందా, ఇక్కడే ఉంటా, నువ్వు మళ్ళీ ఈ మాట ఎత్తకూడదు. నడవలేదా, ఇల్లు ఖాళీ చేసి మీ ఇంట్లో ఓ మూల పడుంటా."

"మాట మీదుంటావా?"

"విలేకరి సాక్ష్యం," అన్నారాయన. ఫోన్లోంచి సుధ, "అంకుల్, మీరైనా చెప్పండి," అంది. నేను నవ్వి ఊరుకున్నాను. అలా నేను సాక్షినయ్యాను.

ఆటోమేటిక్ దించడానికి రెండు రోజులు పట్టింది. వెడల్పాటి బ్రేకు పెడల్‌ని సగానికి కోసి పక్కన క్లచ్ పెడల్‌కి చోటు చేశాం. గేరు రాడ్డు పైకి రావడానికి నేల రేకుకి కన్నం పెట్టాం. ఆ రోజుల్లో ఆయన దగ్గర నేర్చుకున్నది పనిముట్ల పేర్లు మాత్రమే కాదు. ఆటోనగర్‌లో లారీ కింద ఇద్దరు పనిచేస్తుంటే ఒకడి చెయ్యి రెండోవాడికి కనబడదట. ఇటునుంచి ఒకడు "పడిందా?" అని అడుగుతాడు. అటునుంచి రెండోవాడు "పడింది" అంటాడు. అంతే. అడిగేది ఒక్కసారే, చెప్పేదీ ఒక్కసారే. చెప్పాక మళ్ళీ తొంగి చూస్తే అవతలివాణ్ణి దొంగ అన్నట్టేనట. మా డెస్కులో అలా కాదని చెప్పాను. ప్రమాదంలో పోయింది ఒకరని విలేకరి రాస్తే, ఆసుపత్రికి ఫోన్ చేశావా, ఎవరు చెప్పారు, మళ్ళీ అడుగు అని మూడుసార్లు పీకేవాళ్ళం. ఆయన తల అడ్డంగా ఊపారు. "మీది అనుమానం మీద బతికే పనయ్యా. మా పనిలో అనుమానం పెట్టుకుంటే బండి కింద దూరలేం." నాకు నచ్చింది. పద్దెనిమిదేళ్ళ డెస్కు తర్వాత నా మాట ఒక్కసారికే నమ్మిన మొదటి మనిషి ఆయనే. ఫ్యాక్టరీలో తన పాత ఫోర్‌మన్‌కి ఫోన్ చేసి, తనిఖీ విభాగంలో మనిషి కావాలంటే మా వాడున్నాడు, కన్ను మంచిది, మాట మంచిది అని చెప్పింది కూడా ఆ వారంలోనే.

అన్నిటికన్నా చిన్న భాగం పైలట్ బేరింగు. పాత రూపాయి బిళ్ళంత ఉంటుంది. ఇంజను షాఫ్టు చివరి గుంటలో దాన్ని కూర్చోబెడితే, గేర్‌బాక్సు షాఫ్టు మొన దాంట్లో ఆనుకుని తిరుగుతుంది. ఆటోమేటిక్ బండికి దాని అవసరం లేదు కనక ఆ గుంట ఖాళీగా ఉంటుంది. మాన్యువల్ పెట్టేవాడు అది మర్చిపోతే చేసిందంతా వృథా. ఆయన దాన్ని కాగితంలో చుట్టి నా చేతికిచ్చారు. "ఫ్రీజర్లో పెట్టు. చలికి ముడుచుకుని గుంటలోకి సుళువుగా దిగుద్ది. రేప్పొద్దున కళ్ళ డాక్టరు రమ్మన్నాడు, నేను పదకొండింటికి గాని రాను. నువ్వు బేరింగు కొట్టి, ఫ్లైవీలు, క్లచ్ బిగించి ఉంచు." నేనొక్కణ్ణే చేయబోయే మొదటి పని అది. ఆ బేరింగుని మా ఫ్రీజర్లో గోంగూర పొట్లం పక్కన పెట్టాను.

మర్నాడు ఆ ఉత్సాహంలోనే పెందలాడే గరాజుకి పోయాను. ఫ్లైవీలు చక్రాన్ని ఎత్తి బిగించాను. క్లచ్ ప్లేటుని మధ్యకి తేవడానికి ఆయనిచ్చిన డమ్మీ షాఫ్టు గుంటలో వదులుగా ఆడింది. ఎందుకు ఆడుతోందని ఆలోచించలేదు, కంటి కొలతతో సరిచేసి బిగించేశాను. పదకొండింటికి ఆయన వచ్చి చేత్తో తడిమి చూశారు. ఒక్కో బోల్టు మీదా వేలు పెట్టి, "భేష్" అన్నారు. ఆ మాట తర్వాత అడిగారు.

"బేరింగు వేశావా?"

ఫ్రీజరు కళ్ళముందు కదిలింది. కాగితం పొట్లం, దాని మీద పేరుకున్న మంచు. మర్చిపోయానండీ అంటే క్లచ్ విప్పి, ఇంటికెళ్ళి తెచ్చి, మళ్ళీ బిగించాలి. రెండు గంటల పని. ఆ 'భేష్' ఇంకా చెవిలోనే ఉంది.

"వేశానండీ," అన్నాను.

సాయంత్రం ఆయన వెళ్ళాక చప్పుడు చేయకుండా వేసేద్దామనుకున్నాను. కానీ ఆయన స్వెటరు విప్పేశారు. "అయితే ఇంకేం, ఎత్తేద్దాం పద." మళ్ళీ అడగలేదు. టార్చి వేసి చూడలేదు. ఇద్దరం పక్కపక్కన వెల్లకిలా పడుకుని, గేర్‌బాక్సుని జాకీ మీద లేపాం. ఇంజనుకీ గేర్‌బాక్సుకీ మధ్య డొప్ప సరిగ్గా మధ్యలో కూర్చుందో లేదో గేజీ పెట్టి చూస్తారు. ఆ ముల్లు ఆయన కళ్ళకు ఆనలేదు. నన్ను చూడమనలేదు, వేళ్ళతో తడిమి, "కుదిరింది," అన్నారు. నేనూ తిరిగి అడగలేదు.

వారం తర్వాత గరాజు ముందు స్టార్టు చేశారు. ఆయన ఇస్త్రీ చొక్కా వేసుకొచ్చారు. వీడియో తీయడానికి ఫోన్ నా చేతిలో ఉంది. క్లచ్ తొక్కగానే లోపల్నుంచి కీచుమని ఒక అరుపు. గేరు పడలేదు. బలవంతాన వేస్తే పళ్ళు కొరికినట్టు చప్పుడు చేసి, బండి ఒక్క గెంతు గెంతి ఆగిపోయింది. మూడుసార్లు ప్రయత్నించారు. తర్వాత ఇంజను ఆపి, స్టీరింగు మీద చేతులు పెట్టుకుని కూర్చున్నారు.

"పైలట్ బేరింగు లేకపోతే ఇట్టాగే అరుస్తది," అన్నారు. ఆయనే మళ్ళీ, "అది నువ్వేశావు. అయితే తప్పింది సెంటరే. ముల్లు కనబడకుండా వేళ్ళని నమ్మాను," అన్నారు.

"మళ్ళీ దించి చూద్దాం బాబాయిగారూ."

"దించితే మాత్రం? చూసే కళ్ళు నాయేగా." చేతులు రెండూ తిప్పి తిప్పి చూసుకున్నారు, ఎవరివో అన్నట్టు. "అమ్మాయి చెప్పిందే నిజం. నా పని అయిపోయింది విలేకరీ."

నోరు తెరవాల్సిన నిమిషం అది. నేను వీడియో ఆపి ఫోన్ ఆయన చేతికిచ్చాను.

ఎండాకాలం రాకముందే ఆయన ఇల్లు ఖాళీ చేశారు. అట్టపెట్టెలు కట్టడానికి నేనూ మా ఆవిడా వెళ్ళాం. కార్ల్స్‌రూహె నుంచి ఒకతను ట్రైలర్ తెచ్చి కారు తీసుకుపోయాడు. దాన్ని ట్రైలర్ మీదికి వెనకనుంచి తోసినవాళ్ళలో నేనొకణ్ణి. ఈలోపు మా ఆవిడ రెండుసార్లు అడిగింది, గోంగూర పక్కన ఆ ఇనుప ముక్క ఏమిటని. బాబాయిగారిది, ఉండనీ అన్నాను. తీయడానికి చెయ్యి రాలేదు.

ఆగస్టులో జార్‌బ్రూకెన్ నుంచి ఫోన్ వచ్చింది. వెనక టీవీలో జర్మన్ వార్తలు, చిన్నపిల్ల ఏదో అడుగుతోంది.

"కార్ల్స్‌రూహె వాడు గేర్‌బాక్సు దించాడంట. బేరింగు లేదంటయ్యా అక్కడ."

నేను ఫ్రీజరు వైపు చూశాను.

"ఎక్కడుంది?"

"మా ఫ్రీజర్లో ఉందండి."

"ఇంకానా?"

"ఇంకా."

ఆయన నవ్వుతారేమో అనిపించింది. నవ్వలేదు. "మర్చిపోతే మర్చిపోతావు. ఆటోనగర్లో మర్చిపోనోడెవడు? నేనూ ఓసారి లారీకి ఆయిల్ పోయకుండా పంపించా. అది కాదు. సెంటరు తప్పానని, నా పని అయిపోయిందని నీ ఎదురుగా అన్నానే. అప్పుడన్నా నోరిప్పొచ్చు గదయ్యా. నా చేతులు బానే ఉన్నాయి. ఉన్న ఇల్లు ఒదులుకుని వచ్చేశాను." అంతటితో "ఉంటా," అన్నారు. విలేకరీ అనలేదు.

నేను చేసిన ఫోన్లు సుధ ఎత్తేది. నాన్న పడుకున్నారనేది. ఆ తర్వాతి చలికాలం ఆయన అక్కడే పోయారు. కోవిడ్ కాదు, గుండె. దహనానికి కొద్దిమందినే రానిచ్చారు. నా పేరు ఆ జాబితాలో లేదు. అడిగే మొహం నాకూ లేదు. మా పత్రికలో తప్పు పడితే మర్నాడు లోపలి పేజీలో సవరణ వేసేవాళ్ళం. ఎవరు చదివినా చదవకపోయినా వేసేవాళ్ళం. ఆ లెక్కన, ఆ సవరణ మర్నాడే నేను వేయాల్సింది. ఆ పని ఒక పరాయివాడు చేశాడు.

ఆయన ఇప్పించిన ఉద్యోగమే ఇప్పటికీ చేస్తున్నాను. ట్రేలో వచ్చిన భాగాలు చూసి, సరిగా ఉన్నాయని సంతకం పెట్టాలి. పెట్టాక కూడా ట్రే వెనక్కి లాగి, ఒక్కొక్కటీ చేత్తో ముట్టుకుని, మళ్ళీ లెక్కచూస్తాను. నా మాట ఎవరు నమ్మినా నేను నమ్మను. మొదట్లో తోటివాళ్ళు నవ్వేవాళ్ళు. పోయిన నెల మా ఫోర్‌మన్ కొత్తగా చేరిన ఇద్దర్ని నా బల్ల దగ్గరికి తీసుకొచ్చాడు. శ్రద్ధ అంటే ఇలా ఉండాలి, ఈయన కోటేశ్వరరావు తయారుచేసిన మనిషి అని చెప్పాడు. ఆ వాక్యాన్ని దిద్దాల్సింది. దిద్దలేదు. తల ఊపి, ఇంకో ట్రే లాక్కున్నాను.