లాగి చూసే అక్క

కొత్త బట్ట చేతికి వస్తే నాకు ఆ అక్కే గుర్తొస్తుంది. రాయదుర్గంలో మా జీన్సు యూనిట్లో చెకింగ్ పని ఆమెది. ఏ కుట్టు కనిపించినా రెండు చేతులా పట్టుకుని లాగి చూసేది. ప్యాంట్లు సరే, టీ తెచ్చిన మనిషి సంచీని కూడా వదిలేది కాదు.

ఒకసారి మా దర్జీల సంఘానికి అధ్యక్షుణ్ణి ఎన్నుకోవాల్సి వచ్చింది. పోటీలో ఇద్దరు. పాత మేస్త్రీ చాలాకాలం ఆ పదవిలో ఉన్నవాడు. కొత్త దర్జీ ఏ పదవీ ఎరగడు. కూలి పెంచమని ఓనరును అడగాల్సింది గెలిచినవాడే కాబట్టి, మిషన్లు ఆపి మరీ వాదించుకున్నాం.

“అనుభవం లేనోడు ఓనరు ముందర ఏం మాట్లాడ్తాడప్పా?” అన్నాడు మేస్త్రీ.

“ఇన్నేండ్లు నువ్వు మాట్లాడి ఏం తెచ్చినావన్నా?” అన్నాడు కొత్త దర్జీ.

అక్క లేచింది. మేస్త్రీ తానే కుట్టుకున్న ప్యాంటు జేబు పట్టి లాగింది. పర్రున చినిగింది. మేము నవ్వేలోగా కొత్త దర్జీ సొంతంగా కుట్టుకున్న చొక్కా చెయ్యి పట్టుకుని లాగింది. అదీ ఊడి వచ్చింది.

“ఇద్దరిదీ ఒగటే కుట్టు!” అంది.

“అయితే నువ్వే నిలబడక్కా!” అని అందరం అరిచాం. ఆమె తానే కుట్టుకుని చీర మీద తొడుక్కున్న చొక్కాను లాగి చూద్దామని ఆడవాళ్లంతా మీదికెళ్లారు.

“నాకు అనుభవం లేదమ్మా, ఇడ్సిపెట్టండి!” అంటూ అక్క చొక్కాను గుండెకు హత్తుకుని మిషన్ల చుట్టూ ఒకటే పరుగు. ఆమె ఆగేలోపే చేతులెత్తి గెలిపించేశాం.

మా యూనిట్లో లాగి చూడకుండా పాసైన కుట్టు ఆమెదొక్కటే.