ఆకుపచ్చ సిరా ఆదివారాలు

బుధవారం ఉదయం ఏడు గంటల పది నిమిషాలకు, నేను అల్లూరు వైపు రొయ్యల గుంటల మీద ఉండగా, మా పక్కింటి పెద్దమ్మ కోడలు ఫోను చేసింది. "అన్నా, అత్త లేస్తా లేస్తా కూలబడిపోయింది. మూతి ఒక పక్కకి పోయింది. మాట రాలా. ఆటోలో పడుకోబెట్టినాము, ఇందుకూరుపేట దాటకముందే..." అంటూ ఆగిపోయింది. ఆ అమ్మాయి ఆగిన చోటే నాకు మిగిలింది తెలిసింది. మెదడులో నరం చిట్లిందని, రక్తపోటే కారణమని ఆసుపత్రిలో డాక్టరు చెప్పాడు.

నేను నమ్మలేదు. నమ్మకపోవడానికి నా దగ్గర రాతపూర్వకమైన ఆధారం ఉంది. మూడు రోజుల ముందు, ఆదివారం చర్చిలో ఆరాధన ముగిశాక, నేనే కొలిచాను. పై అంకె నూట ఇరవై ఎనిమిది, కింది అంకె ఎనభై రెండు. ఆకుపచ్చ సిరాతో రాశాను. అలాంటి మనిషి రక్తపోటుతో ఎలా పోతుంది? ఈ ప్రశ్నకు మూడో నాటికి జవాబు దొరికింది. దొరకకపోయినా బాగుండేది.

పెద్దమ్మ నాకు రక్తసంబంధి కాదు. ఎండుచేపల వ్యాపారం చేసేది. ఎనిమిదో తరగతితో బడి మానేసి, దొరికిన పుస్తకమల్లా చదివి, రొయ్యల గుంటల నీళ్ళు పరీక్షించే పని సొంతంగా నేర్చుకున్నవాణ్ణి నేను. ప్రతిదీ గీతలు కొట్టి, వరుస సంఖ్య వేసి రాసుకునే నా అలవాటును చూసి ఊరంతా నవ్వేది. పెద్దమ్మ ఒక్కతే నవ్వలేదు. ఆమెకు అక్షరం రాదు. "నోటిమాట ఇసక మీద అడుగు నాయనా, అల వస్తే పోతాది. నువ్వు రాయి" అనేది. ప్రతి శనివారం సాయంత్రం నన్ను కూర్చోబెట్టుకుని, ఆదివారం గుడిలో ఎవరెవరి కోసం ప్రార్థన చేయాలో పేర్లు చెప్పి రాయించేది. జ్వరపడినవాళ్ళు, వేటకు వెళ్ళి ఇంకా తిరిగిరానివాళ్ళు, నెల తప్పినవాళ్ళు. నా రాతకు ఒక పని ఉందని మొదట నమ్మించినది ఆమె.

ఒకసారి నేను గుంట నీళ్ళలో ఉప్పు శాతం చూసే పరికరాన్ని కంటికి ఆనించి తంటాలు పడుతుంటే, గట్టు మీద పోతున్న పెద్దమ్మ దిగి వచ్చి, వేలు ముంచి నాలుకకు తాకించుకుంది. "రాత్రి వాన పడింది గదా, చప్పబడింది. నీ గొట్టం ఏం చెప్తా ఉండాది?" అంది. గొట్టం కూడా అదే చెప్పింది.

గుడి ఆవరణలో జరిగిన వైద్య శిబిరంలో ఆమె రక్తపోటు మొదటిసారి బయటపడింది. పై అంకె నూట తొంభై దాటింది. నర్సమ్మ కంగారుపడింది గాని పెద్దమ్మ పడలేదు. తల తిరగడం లేదు, నొప్పి లేదు, తట్ట ఎత్తగలుగుతోంది. ఇక జబ్బు ఎక్కడ? "సముద్రానికి దినానికి రెండుసార్లు పోటు వస్తాది. దానికి ఏ డాక్టరు మాత్రలు రాసినాడు?" అని అందరినీ నవ్వించింది. ఏ నొప్పీ లేకుండా ఏళ్ళ తరబడి లోపల్లోపల నరాలను తినేయడమే ఈ జబ్బు తీరని నేను ఆ తరవాత చదివి తెలుసుకున్నాను. చదివినదంతా రాసుకున్నాను. రక్తపోటు కొలిచే మిషను కొన్నాను. రోజూ ఉదయం ఒక మాత్ర అని డాక్టరు రాశాడు. ప్రతి ఆదివారం ఒక కొలత అని నేను రాశాను.

కొలవడం కన్నా ఆమెను ఊరకే కూర్చోబెట్టడం కష్టమయ్యేది.

"పెద్దమ్మా, అయిదు నిమిషాలు మాట్లాడకూడదు."

"అయిదు నిమిషాలా! పుట్టినప్పుడు గూడా నేను అంతసేపు ఊరుకోలేదంట."

"వీపు కుర్చీకి ఆనించు. కాలు మీద కాలు తియ్యి."

"ఇంకేం తియ్యాలో ఒకేసారి చెప్పరాదా, మిషను దొరా!"

ఆమెకు అంకెలు రావు కాబట్టి రెండు పెన్నులు పెట్టాను. ఎక్కువ ఉంటే ఎరుపు, సరిగా ఉంటే ఆకుపచ్చ. మొదటి ఆరు ఆదివారాలు ఎరుపే. ఎర్ర పెన్ను మూత తీసిన ప్రతిసారీ ఆమె పుస్తకం వైపు కాక నా మొహం వైపు చూసేది. నేను గమనించాను గాని దానికి అర్థం వెతకలేదు. ఏడో ఆదివారం ఆకుపచ్చ వచ్చింది. నేను చప్పట్లు కొట్టాను. అప్పటి నుంచి వరసగా ఆకుపచ్చే. ఊరగాయ మానేసింది. తన చేత్తో ఎండబెట్టిన చేపను తన కంచంలోకి రానివ్వలేదు. "ఉప్పు తక్కువైతే చేప చెడిపోద్ది, ఎక్కువైతే మనిషి. నాకు తెలవదంట్రా?" అనేది. ప్రార్థన జాబితాలో నీ పేరు కూడా రాయనా అని ఒక శనివారం అడిగాను. "నా పేరెందుకు నాయనా, నేను ఆకుపచ్చగా ఉండాను గదా. ఆ చోటు ఇంకొకరికి ఇయ్యి" అంది. నేను రాయలేదు.

భూస్థాపన అయిన మూడో నాడు కోడలు ఒక బిస్కెట్ల డబ్బా తెచ్చి నా ముందు పెట్టింది. నిండా మాత్రల అట్టలు. చాలా వాటికి వెనక కాగితం కూడా చిరగలేదు.

"అన్నా, ఆమె శనివారం ఒకటి, ఆదివారం ఒకటి వేసుకునేది. అంతే. తక్కిన దినాల్లో ముట్టేది కాదు."

"ఎందుకమ్మా?"

"అది వేసుకుంటే పాదాలు వాస్తా ఉండాయి, చేపల కాడ నిలబడలేకుండా ఉండాను అనేది. అన్నకి చెప్దాం అత్తా అంటే నా మీద ఎగిరింది. 'వాడికి చెప్పబాకే. ఎర్ర పెన్ను తీస్తే వాడి మొఖం నేను చూడలేను. ఆదివారం ఒక్క పూటన్నా సంతోషంగా ఇంటికి పోనీ' అనింది."

నేను మాత్రలు లెక్కపెట్టడం మొదలుపెట్టాను. అరవై ఏడు దగ్గర ఆపేశాను.

మాత్ర వల్ల కొందరికి పాదాలు వాస్తాయనీ, డాక్టరుకు చెబితే మార్చి వేరేది ఇస్తారనీ నాకు తెలుసు. చదివాను. రాసి కూడా పెట్టుకున్నాను, వేరే నోటుపుస్తకంలో, పదకొండో పేజీలో. ఆమె పుస్తకంలో నేను గీసిన గళ్ళు అయిదు: తేదీ, సమయం, పై అంకె, కింది అంకె, నాడి. ఏడాదిన్నర పాటు ఒక్క గడి కూడా ఖాళీ వదలలేదు. ఈ వారం ఎన్ని మాత్రలు వేసుకున్నావు, వేసుకుంటే ఎలా ఉంటోంది అని అడగడానికి ఆరో గడి గీయాలని నాకు తోచలేదు. ఆదివారాన్ని కొలిచి వారమంతా కొలిచాననుకున్నాను. సోమవారం నుంచి శుక్రవారం దాకా ఆ నరాల మీద ఏం జరిగిందో ఏ పుస్తకంలోనూ లేదు. చేపల దగ్గర ఆమె పాదాలు రోజూ నా కళ్ళెదుటే ఉన్నాయి. నేను చేతిని మాత్రమే చూశాను.

నీ తప్పు కాదన్నా అని కోడలు అంటోంది. దేవుని చిత్తమని గుడిలో పెద్దలు అంటున్నారు. నేను ఇది రాస్తున్నాను. ఇది చదివేవారి ఇంట్లో బీపీ మాత్ర వేసుకునే పెద్దలు ఉంటే, అంకె బాగుంది కదా అని ఊరుకోకండి. అంకె బాగుండటం జబ్బు పోవడం కాదు. మాత్ర దాన్ని ఆ పూటకు పట్టి ఉంచింది, అంతే. మాత్ర వేసుకున్నావా అని అడగండి. లేదు అన్నప్పుడు మీ మొహం ఎలా ఉంటుందో కూడా చూసుకోండి. ఆమె తన పోటును కాదు, నా మొహాన్ని అదుపులో పెట్టుకుంటూ వచ్చింది. ఈ మాటలు రాసినందువల్ల నాకేమీ తేలిక కాలేదు. ఇసక మీద అడుగును చెరిపేస్తుందని ఆమె చెప్పిన అల నా దగ్గరికి ఇంకా రాలేదు.

పోయిన ఆదివారం ఆరాధన ముగిశాక అలవాటు కొద్దీ మిషను తీసుకుని ఆ ఇంటికి వెళ్ళాను. కుర్చీ అక్కడే ఉంది. పట్టీ మీద, ఆమె చేతికి ఎంతవరకు చుట్టాలో గుర్తుగా నేను పెన్నుతో పెట్టిన గీత ఉంది. సన్నని చేయి. ఆ గీత దాకా పట్టీని చుట్టి, అంటించి, బల్ల మీద పెట్టాను. మీట నొక్కలేదు. అది అలాగే నిలబడి ఉంది, ఆమె చేయి పట్టేంత ఖాళీని చుట్టుకుని.