ట్యాంకరు కాడ వంతు

"తువ్వాలు తడిపియ్యే, తలకి సుట్టుకుంతాను," అన్నాడు మా ఆయన.

"తడపడానికి నీళ్లేవీ? ముందు ట్యాంకరు కాడికెల్లు," అన్నాను. మా ఇద్దరి మజ్జా అవే ఆఖరి మాటలు.

ఇదివరకు ఈ హిందీవోళ్ల ఊర్లో, మా తోర్వా పేటలో, బోర్లు ఎండేవి కావు. ఇప్పుడు హోలీ దాటితే చుక్క రాదు. ట్యాంకరు కోసం పొద్దున్నే బిందెలు వరసలో పెడతాం, బిందె ఎక్కడుంటే వంతు అక్కడే. ఆ మధ్యాహ్నం పక్కింటోడు మా బిందెని తన్నేసి పైపు లాక్కున్నాడు.

"అరే భాయ్, వంతు నాది," అని మా ఆయన పైపు వదల్లేదు. ఆడు ఇనప బకెట్టుతో నెత్తి మీద కొట్టాడు. పడిపోయాక మళ్లీ కొట్టాడు. నేను పరిగెత్తేసరికి జనం ఆయన్ని దాటుకుంటా బిందెలు నింపుకుంటన్నారు.

ఆడు జైల్లో ఉన్నాడు. ఇప్పుడు ఎవరూ వంతు తప్పకుండా కర్ర పట్టుకుని పైపు కాడ నేనే నిలబడతన్నాను. ఆడి పెళ్లాం వంతొస్తే దాని బిందె కూడా నింపుతాను, దాని మొహం మాత్రం చూడను.

ఏటే కోడలా, నే సెప్పిందంతా రాయడమైందా? ఓపాలి సదివి ఇనిపించు.