ఇంటికప్పు మీద మంచు

మొదటి మంచు పడేదాకా హీటర్ వెయ్యకూడదని మా ఇంట్లో ఒక మొండి నియమం. నిన్న మంచు పడింది, సాయంత్రమే వేశాను. వెయ్యగానే ఇల్లంతా కాలిన దుమ్ము వాసన. వేసవి నుంచి పేరుకున్న దుమ్ముకి వేడి తగిలితే అలా కమురు కొట్టి, కాసేపటికి దానంతట అదే పోతుంది. మా అమ్మాయి మేఘన ముక్కు మూసుకుని, "అమ్మా, సమ్‌థింగ్ ఈజ్ బర్నింగ్! విండో ఓపెన్ చెయ్యి" అంది. నాకు ఆ వాసన ఇష్టమే అంటే పిచ్చిదాన్ని చూసినట్టు చూసింది. దానికేం తెలుసు? ఆ వాసన ముక్కుకి తగిలితే నా కళ్ళ ముందు వసుంధర ఆంటీ ముందుగది లేస్తుంది. కిటికీలోంచి వాలిన తెల్లటి ఎండ, అందులో తేలే నూలు నలుసులు, నేల మీద పరిచిన పాత చీరలు, వాటి మధ్య బోర్లా పడి తలెత్తి చూసే ఎనిమిది నెలల మేఘన. పదేళ్ళు దాటిపోయింది. ఇప్పుడు తలుచుకుంటే అదంతా జరిగిందా, కలగన్నానా అనిపిస్తుంది. జరిగినప్పుడు మాత్రం ఏమీ కలలా లేదు, ఒళ్ళు వణికించే చలి.

అప్పట్లో మేము అమెరికాలో, నేపర్‌విల్ అనే ఊళ్ళో ఒక పాత వీధిలో అద్దెకుండేవాళ్ళం. అన్నీ ఒకే అచ్చులో పోసినట్టు ఒంటి అంతస్తు ఇళ్ళు. ప్రతి గదిలోనూ గోడ వారన ఒక కరెంటు హీటరు, ఏ గదికా గదికి వేసుకోవచ్చు, ఆపుకోవచ్చు. ఆంటీ మా పక్కింట్లో ఉండేవారు. తెనాలి వైపు మనిషి. డెబ్బై దాటాయి, ముప్ఫై ఏళ్ళు నర్సుగా పనిచేసి రిటైరయ్యారు, భర్త పోయారు, పిల్లలు లేరు. ఆవిడ రెండు మూడుసార్లు పలకరించినా నేనే ముభావంగా ఉండేదాన్ని. పెద్దవాళ్ళని గుమ్మం దాటనిస్తే వెనకాలే సలహాలు కూడా లోపలికొస్తాయని నా భయం.

ఆ డిసెంబరులో మా ఆయన రవి ప్రాజెక్టు ఉన్నట్టుండి ఆగిపోయి, ఉద్యోగం పోయింది. వీసా మీద ఉన్నవాళ్ళకి ఉద్యోగం పోతే అరవై రోజుల గడువు. ఆలోగా ఇంకోటి దొరక్కపోతే పెట్టెలు సర్దుకోవడమే. సరిగ్గా ఆ నెలే కరెంటు రేట్లు పెంచారు, బిల్లు రెట్టింపయింది. రవి ఆ కాగితం చూశాడు. లేచి వెళ్ళి అన్ని గదుల హీటర్లూ తగ్గించి వచ్చాడు. నేను అతన్ని కోరింది ఒక్కటే, సంగతి బయట పొక్కనివ్వొద్దని. తెలిస్తే కొంపలేం మునగవు గానీ, ఒకళ్ళు నన్ను చూసి "అయ్యో పాపం" అంటే నేను తట్టుకోలేను. చిన్నప్పటి నుంచీ అదే పంతం. ఆ అరవై రోజులూ ఎవరికీ తెలియకుండా పిల్లని వెచ్చగా ఉంచగలిగితే గట్టెక్కినట్టే అనుకున్నాను. దానికి స్వెట్టరు మీద స్వెట్టరు తొడిగి, ఎటూ కదల్లేని మూటలా చేసి పెట్టాను.

మంచు బాగా కురిసిన మర్నాడు పొద్దున ఆంటీ తలుపు కొట్టారు. చేతిలో ఉసిరికాయ పచ్చడి సీసా. లోపలికొచ్చారు గానీ కోటు విప్పలేదు. పాపని చూసి అందరిలా బుగ్గలు పుణకలేదు. ఒక కాలి సాక్సు లాగేసి, ఆ పాదాన్ని అరచేతిలో పెట్టుకుని కాసేపు కళ్ళు మూసుకున్నారు.

"జ్వరం ఏం లేదాంటీ" అన్నాను.

"తెలుస్తోందిలే." కళ్ళు తెరిచి కిటికీ వైపు చూశారు. "పట్టపగలు ఆ తెరలేంటమ్మాయ్?"

"ఎండొస్తుంది కదా ఆంటీ."

ఆవిడ నోరు తెరిచి నన్నే చూశారు. "ఏ ఊరే మీది?"

"ఖమ్మం."

"అదీ సంగతి!" అని పకపకా నవ్వారు. "గుమ్మంలోకొచ్చిన లక్ష్మికి తలుపేసినట్టుంది నీ యవ్వారం. ఎండని తరిమేసి కరెంటు కొనుక్కుంటావా?"

నాకు ఒళ్ళు మండింది గానీ ఆవిడన్నది నిజమే. ఖమ్మం ఎండల్లో పెరిగినదాన్ని. పొద్దున తొమ్మిదయ్యేసరికి తలుపులు మూసి తెరలు వెయ్యడం మా ఇంట్లో ఆడపిల్లలకి నేర్పే మొదటి పని. అమెరికా వచ్చి మూడేళ్ళయినా నా చెయ్యి ఆ పని మానలేదు. బయట నీళ్ళు రాయయ్యే చలి, దక్షిణపు కిటికీలోంచి ఎండ వస్తానంటుంటే నేను రోజూ దాని మొహం మీద తెర వేస్తున్నాను! ఆంటీ వెళ్ళి ఆ తెర లాగేశారు. ఎండ వచ్చి సోఫా మీద, పాప మీద పడింది. అది కళ్ళు చికిలించి నవ్వింది.

వెళ్తూ వెళ్తూ గుమ్మంలో ఆగారు. "అమ్మాయ్, నాకో సాయం కావాలే. పాత చీరలు బోలెడున్నాయి, బొంతలు కుట్టుకుందామనుకుంటున్నా. చూపు ఆనడం లేదు. సూదిలో దారం ఎక్కించే మనిషి కావాలి. పిల్లని వేసుకుని రోజూ పదింటికి రా, నాలుగింటికి పోదువుగాని." సాయం అడిగారు కాబట్టి వెళ్ళాను. జాలిపడి రమ్మని ఉంటే చచ్చినా వెళ్ళేదాన్ని కాదు.

ఆ రోజులు ఎలా గడిచాయో వరసగా చెప్పమంటే చెప్పలేను, ఒకదాంట్లో ఒకటి కలిసిపోయాయి. పదింటికి వెళ్ళేసరికి ముందుగది వెచ్చగా ఉండేది, హీటరు సన్నగా టిక్కు టిక్కుమంటూ ఉండేది. బయట మంచు పడుతున్నా, పడి ఆగినా, లోపల ఒకటే నిశ్శబ్దం. ఎండ నేల మీద నెమ్మదిగా జరుగుతుంటే మేము చీరలు లాక్కుంటూ దాని వెనకే జరిగేవాళ్ళం, పాప మా వెనక పాకేది. ఒక్కో చీరకీ ఒక కథ. "ఇది నా సీమంతం నాటిది" అన్నారు ఒకసారి. పిల్లలు లేరని తెలుసు కాబట్టి ఆ పైన నేను అడగలేదు. దారం అయిపోగానే సూది నా చేతికిచ్చేవారు. మధ్యాహ్నం అన్నం, చారు అక్కడే. నాలుగు కొట్టగానే, చలి చొరబడకుండా కుట్టిన బొంతని కిటికీకి కట్టి, చీర పేలికని తాడులా చుట్టి తలుపు కింద సందులో తొయ్యడం ఆవిడే నేర్పారు. రవి మా ఇంట్లోనే కూర్చుని ఇంటర్వ్యూలు ఇచ్చేవాడు. పైన ఇస్త్రీ చొక్కా, కింద రెండు దుప్పట్లు, వీడియో పెట్టమన్నప్పుడు మాత్రం మంకీ క్యాప్ తీసేవాడు.

"మీ మొదటి చలికాలం ఎలా గడిచిందాంటీ?" అని ఒకరోజు అడిగాను.

"ఏడుస్తూ గడిచింది. పక్కింట్లో పోలండు ముసలావిడ ఉండేది. రోజూ పిలిచి వంటింట్లో పొయ్యి పక్కన కూర్చోబెట్టి బంగాళాదుంపలు చెక్కు తియ్యమనేది. ఆవిడకి ఇంగ్లీషు రాదు, నాకు అంతంతమాత్రం."

"ఒక్కావిడకి రోజూ అన్ని బంగాళాదుంపలెందుకు?"

"నాకేం తెలుసే!" అని నవ్వి, సూది మళ్ళీ నా చేతిలో పెట్టారు.

నలభయ్యో రోజు దాటాక రవికి ఖాయమనుకున్న ఉద్యోగం ఒకటి చెయ్యి జారిపోయింది. ఆ రోజు ఎంత ప్రయత్నించినా దారం ఎక్కలేదు. కళ్ళలో నీళ్ళు అడ్డం పడుతున్నాయి. "ఆంటీ, మావారి ఉద్యోగం పోయింది" అనేశాను. ఆవిడ అయ్యో అనలేదు, పాపం అనలేదు. "ఏడుస్తూ ఎక్కిస్తే బెజ్జం కనబడదు. ముందు ఏడ్చెయ్, తర్వాత ఎక్కిద్దువుగాని" అని పాపని తన ఒళ్ళోకి తీసుకున్నారు. కడుపు నిండా ఏడ్చాను. తర్వాత దారం ఎక్కించాను.

గడువు ఇంకో వారం ఉందనగా రవికి ఉద్యోగం వచ్చింది. పాపని ఎత్తుకుని కొత్త మంచులో పరుగెత్తుకెళ్ళి ఆంటీకి చెప్పాను. ఆవిడ నా నోట్లో బెల్లం ముక్క పెట్టారు.

"మీకు ముందే తెలుసు కదా ఆంటీ? ఎవరు చెప్పారు?"

"మీ ఇంటికప్పు. లోపల వేడి ఉంటే పైన మంచు నిలవదే, కరిగి జారిపోతుంది. ఊరంతా ఒక దారి, ఉలిపికట్టెది ఒక దారి అన్నట్టు వీధంతా కరిగితే మీది ఒక్కటే తెల్లగా ఉండిపోయింది. నలభై చలికాలాలు చూశాను, ఆ మాత్రం తెలీదా?"

నాకు సిగ్గేసింది, నవ్వూ వచ్చింది. ఇన్నాళ్ళూ ఎవరికీ తెలియదనుకుంటుంటే నెత్తి మీద జెండా ఎగరేసుకుని కూర్చున్నానన్నమాట! పాపని ఆవిడకిచ్చి, చూద్దామని వీధిలోకి వెళ్ళాను. మా కప్పు మీద మంచు జానెడు మందాన అలాగే ఉంది. వెనక్కి తిరిగి రాబోతూ ఆంటీ ఇంటి వైపు చూశాను. అదీ తెల్లగానే ఉంది. పడగ్గది మీద తెలుపు, వంటింటి మీద తెలుపు. మేము కూర్చునే ముందుగది మీద మాత్రం చాపంత మేర కరిగి, తడిసి నల్లగా ఉంది. నేను అక్కడే నిలబడిపోయాను. కాళ్ళు తిమ్మిరెక్కేదాకా ఆ నల్లటి చోటునే చూశాను.

లోపలికి వచ్చేసరికి పాప బొంత మీద ఆడుకుంటోంది. ఆంటీ కిటికీ పక్కన కూర్చుని, కళ్ళద్దాలు లేకుండా, ఒక్క ఊపున సూదిలో దారం ఎక్కించారు. నన్ను చూసి చెయ్యి ఆపారు.

"ఆంటీ, మీ పడగ్గదిలో హీటర్ ఎందుకు వేసుకోలేదు?" నా గొంతు పెద్దదైంది. "రాత్రుళ్ళు ఎలా పడుకుంటున్నారు?"

"బొంతలున్నాయిగా."

"మాకోసం మీరు చలిలో..."

"మీ కోసమేంటే? రేట్లు పెరిగింది మీ ఒక్క ఇంటికేనా? నా ఒక్కదానికైతే ఈ గదిలోనూ వేసుకునేదాన్ని కాదు. మీరొచ్చారు కాబట్టి పగలంతా నేనూ వెచ్చగా కూర్చున్నాను." సూది బొంతకి గుచ్చి, "మాట్లాడే మనిషి కూడా దొరికింది" అన్నారు.

ఆవిడని నోటికొచ్చినట్టు తిట్టి, ఆవిడ భుజం మీదే ఏడ్చాను. ఆ రోజు నుంచి చలి తగ్గేదాకా ఆవిడ మా ఇంట్లోనే పడుకున్నారు. పాప మీరు లేకపోతే నిద్రపోవడం లేదని అబద్ధమాడి తీసుకొచ్చాను. నమ్మినట్టే తలూపారు.

ఆంటీ పోయి మూడేళ్ళయింది. అప్పటికి మేము నాలుగు వీధుల అవతల ఇల్లు కొనుక్కున్నాం. చివరి రోజుల్లో పాదాలు పట్టుకుంటే చల్లగా ఉండేవి, బొంత కప్పి ఒళ్ళో పెట్టుకుని కూర్చునేదాన్ని. ఆ బొంతలన్నీ ఇప్పుడు నా దగ్గరే ఉన్నాయి. మంచు కురిసిన మర్నాడు నేను వీధిలోకి వెళ్ళి ఇళ్ళ కప్పులు చూస్తాను. మేఘన స్నేహితులు చూస్తే ఏమనుకుంటారో అని దానికి తలవంపుగా ఉంటుంది, అయినా చూస్తాను.

ఈ పొద్దున దాన్ని బస్సెక్కించి వస్తూ చూశాను. వీధంతా కప్పులు తడిసి నల్లబడ్డాయి. మూల ఇల్లు ఒక్కటే తెల్లగా ఉంది. వరంగల్ నుంచి వచ్చి ఎమ్మెస్ చదువుతున్న ఇద్దరమ్మాయిలు ఆగస్టులో అందులో దిగారు. ఇంటికొచ్చి, అంచు చిరిగిన బొంత ఒకటి, దారపు ఉండ, సూది తీసుకుని వెళ్ళి తలుపు కొట్టాను. ఇంట్లోనే కోటు వేసుకుని, చేతులు లోపలికి ముడుచుకుని ఒక పిల్ల తలుపు తీసింది. వెనక కిటికీలకి తెరలు వేసి ఉన్నాయి.

"ఏంటాంటీ?" అంది బెరుకుగా.

నా కళ్ళకి ఏ జబ్బూ లేదు. సూది బెజ్జం చీకట్లో కూడా కనబడుతుంది.

"ఏం లేదమ్మా, నాకో సాయం కావాలి" అన్నాను. "చూపు ఆనడం లేదు. ఈ సూదిలో కాస్త దారం ఎక్కించిపెడతావా?"