గోడకెక్కని చొక్కా

గోళ్ళరంగు సీసా కోసం లోరీన్ ఇల్లంతా గాలించి, చివరికి మొగుడి షెడ్డులో పట్టుకుంది. ఆర్విల్ కళ్ళజోడు ముక్కు కొసకి జార్చుకుని, తూటాలన్నిటినీ బల్ల మీద తలకిందులుగా నిలబెట్టి, ఒక్కోదాని అడుగున ఆ ఎర్రరంగుతో బొట్టు పెడుతున్నాడు. ఆదివారం చర్చికి వేసుకుందామని ఆవిడ దాచుకున్న రంగు అది. పెళ్ళయిన ఇన్నేళ్ళలో పెళ్ళాం గోళ్ళ వంక ఒక్కసారి తేరిపార చూడని మనిషికి ఇప్పుడెంత ఓపికో.

ఎవరికవి అని అడిగింది. ట్వైలాకి, అన్నాడు తలెత్తకుండా. "మందు తగ్గించి, చేతిని మెత్తగా తన్నేలా కట్టాను. గట్టివాటిలో కలిసిపోకుండా గుర్తు పెడుతున్నా."

మెత్తగా అట! లోరీన్‌కి ఒళ్ళు భగ్గున మండింది. రంగు సీసా కూడా తీసుకోకుండా విసవిసా వచ్చేసింది.

ట్వైలా పక్క లోయలో ఉంటుంది. మొగుడు హార్లన్ పోయి ఏడాది కూడా కాలేదు. ఆవులున్నాయి, కంచె వెంట అడవి పందుల బెడద ఉంది. పోయిన వారం వచ్చి, నడుముకి కట్టుకుని పొలమంతా తిరగడానికి, నవంబరులో దుప్పిని కొట్టడానికి రెంటికీ పనికొచ్చే రివాల్వర్ ఒకటి కావాలి, ఏ సైజు తూటాదైతే మంచిది అని ఆర్విల్‌ని అడిగింది. ఓజార్క్ కొండల్లో ఆ ప్రశ్న అడిగితే ఎంత మూగవాడికైనా మాటలొస్తాయి. ఆర్విల్ పెళ్ళాంతో మాట్లాడేది 'కాఫీ ఉందా', 'వాన వచ్చేలా ఉంది' అంతవరకే. అలాంటివాడు ఆ సాయంత్రం వంటింటి బల్ల మీద తన రివాల్వర్లన్నీ పరిచి పెట్టి గలగలా మాట్లాడాడు. ట్వైలా కూర్చున్నది లోరీన్ కుర్చీలో.

లోరీన్ బిస్కట్ల పిండి కలుపుతూ వీపు తిప్పుకుని నిలబడింది గానీ చెవి అంతా అక్కడే ఉంది. త్రీ ఫిఫ్టీ సెవెన్ సైజుదైతే నడుముకి తేలిక అన్నాడు ఆర్విల్, దగ్గర్నుంచి కొడితే దుప్పి పడుతుంది, కానీ దాని మోతకి చెవులు చిల్లులు పడతాయి, గురి కాస్త అటూ ఇటూ అయితే దెబ్బ తిన్న జంతువు కొండ దాటిపోతుంది. ఫార్టీ వన్ మంచిదే, కానీ తూటాలు ఏ షాపులో అడిగినా లేవంటారు. పాత ఫార్టీ ఫైవ్ తనకిష్టం, కానీ షాపులో దొరికే తూటాలకి బలం తక్కువ. అదే ఫార్టీ ఫోర్ అయితే ఒకే రివాల్వర్‌లో మెత్తనివి వేసుకుని కంచె చుట్టూ తిరగొచ్చు, చెయ్యి అలవాటయ్యాక గట్టివి వేసుకుని దూరం దుప్పిని కొట్టొచ్చు. మెత్తనివైనా సరే, యాభై గజాల లోపల దుప్పికి చాలు.

అప్పుడు ట్వైలా అరచెయ్యి తెరిపించి, టేపుతో కొలిచాడు. నా ఫార్టీ ఫోర్ తీసుకో, పిడి లావుగా ఉంది, కలప కాస్త అరగదీస్తే నీ చేతికి సరిపోతుంది అన్నాడు.

లోరీన్ నడుముకి వేలాడేది త్రీ ఫిఫ్టీ సెవెన్. పెళ్ళయిన వారంలో ఆర్విల్ దాన్ని తెచ్చి చేతిలో పెట్టి, 'నీకిది చాలు' అన్నాడు, అంతే. చెయ్యి కొలవలేదు, చెవుల సంగతి చెప్పలేదు. ఆ మాటనే బంగారం చేసుకుని ఇన్నాళ్ళూ మోసింది. పొద్దున్నే స్కూలు బస్సు నడిపి, మధ్యాహ్నం దూడలకి మేత వేసి, ఏటా నవంబరు వచ్చిందంటే ఆ తుపాకితోనే దుప్పిని పడగొట్టింది.

"నాకిచ్చినప్పుడు ఇవన్నీ చెప్పలేదే?" అంది పిండి చేతులతోనే ఇటు తిరిగి.

"నువ్వు అడగలేదుగా," అన్నాడు ఆర్విల్.

నిజమే, అడగలేదు. అడిగేవాళ్ళకే అన్నీ దొరుకుతాయని లోరీన్‌కి ఎవరూ చెప్పలేదు. ఆ సాయంత్రం బిస్కట్లు అడుగంటాయి. ట్వైలా మాత్రం ఎంత బావున్నాయో అంటూ రెండు తింది. ఆ మెప్పు వింటే ఇంకా మండింది.

ఆర్విల్ వాళ్ళ వేట గుడిసె వాగు అవతల కొండ మీద ఉంది. రేకుల కప్పు, మధ్యలో కట్టెల పొయ్యి, వెనక్కి చెక్కల గోడ. ఆ గోడకో ఆచారం ఉంది. దుప్పి మీద పేల్చి గురి తప్పినవాడి చొక్కా కింది అంచుని గుడిసె పెద్ద కోసి, పేరు రాసి, ఆ గోడకి మేకు కొట్టిస్తాడు. ఇప్పుడా పెద్దరికం ఆర్విల్ బాబాయి హోబర్ట్‌ది. ఆయనవే అరడజను ముక్కలున్నాయి. పోయిన మామగారివి ఉన్నాయి. ఆర్విల్‌వి ఒక వరసంతా ఉన్నాయి. లోరీన్‌ది మాత్రం ఒక్కటీ లేదు. దుప్పి కనురెప్పల వెంట్రుకలు లెక్కపెట్టేంత దగ్గరకి వచ్చేదాకా ఆవిడ వేలు కదపదు. నా చొక్కా ఇంకా చెక్కుచెదరలేదు అని గొప్పలు పోయేది. మొదట్లో మగవాళ్ళు మెచ్చుకునేవాళ్ళు. తర్వాత్తర్వాత ఎవరూ పట్టించుకోలేదు.

ఈసారి వేటకి ట్వైలాని ఆర్విల్ పిలిచాడు. వేట మొదలయ్యే ముందురోజు మగవాళ్ళు కట్టెలకి పోయినప్పుడు, ట్వైలా వాగు దగ్గర నీళ్ళు పడుతున్నప్పుడు, లోరీన్ గుడిసెలో ఒంటరిగా మిగిలింది. ఆర్విల్ పెట్టెలోంచి గట్టి తూటాలు తీసింది. షెడ్డులోంచి తిరిగి తెచ్చుకున్న సీసా మూత విప్పి, ఒక్కోదాని అడుగున ఎర్రబొట్టు పెట్టి, పొయ్యి దగ్గర ఆరబెట్టింది. ట్వైలా వదిలి వెళ్ళిన నడుం పట్టీలోని మెత్తనివి తీసి, వాటి చోట ఇవి గుచ్చింది. ఫార్టీ ఫోర్‌లో గట్టివి పేలిస్తే తుపాకికేం కాదు, మనిషికీ ప్రమాదం లేదు. చెయ్యి మాత్రం విదిలించుకుంటుంది. అలా విదిలించుకుని, ఇది నా వల్ల కాదు బాబూ అని దాన్ని ఆర్విల్ మొహాన పెట్టి, తన ఆవుల దగ్గరకి తను పోతే చాలు. లోరీన్ కోరుకున్నది అంతే.

మర్నాడు పొద్దెక్కాక కింది లోయలో ఒక్కటే పేలింది. ఆ మోత కొండ కొండకీ తగిలి దొర్లుకుంటూ పోయింది. పై చరియలో కూర్చున్న లోరీన్ గుండెల్లో తీపిగా అనిపించింది, దాచడమెందుకు.

గుడిసెకి వచ్చేసరికి ట్వైలా మణికట్టు పట్టుకుని నవ్వుతోంది. అంత పెద్ద కొమ్ముల దుప్పి ఎదురుగా నిలబడితే ఎటో పోయిందట తూటా. మెత్తగా తన్నడం అంటే ఇదేనా ఆర్విల్, గట్టిగా తన్నితే నా చెయ్యి ఊడి వస్తుందేమో అని ఆటపట్టించింది. ఆర్విల్ నవ్వలేదు. హోబర్ట్ కత్తి తీశాడు. ట్వైలా వేసుకున్నది హార్లన్ గళ్ళ చొక్కా. అంచు కోస్తుంటే నవ్వుతున్నదల్లా ఏడ్చేసింది. ఏడుస్తూనే, హార్లన్‌కి ఇది చూసే రాత లేకపోయిందే అంది.

"ఇవాళ్టి నుంచి నువ్వు మా మనిషివి," అన్నాడు హోబర్ట్. ఆర్విల్ ఆ ముక్కని తన వరస చివర, తన ముక్కని ఆనించి మేకు కొట్టాడు. అందరూ కాఫీ గిన్నెలు ఎత్తారు.

అప్పుడు చూసింది లోరీన్ ఆ గోడ వంక. బతికున్నవాళ్ళు, పోయినవాళ్ళు, ఒక్క ఏడాది చుట్టంగా వచ్చిపోయినవాళ్ళు కూడా ఉన్నారు. తను లేదు. ఇన్నేళ్ళ కాపురం చేసి, ఆ పొయ్యి మీద అందరికీ బీన్స్ వండిపెట్టి, గురి తప్పనందుకు గోడకి పరాయిదైపోయింది. ట్వైలాని అక్కడికి ఎక్కించింది తన చేతులే.

"నీదేది లోరీన్?" అని ట్వైలా అమాయకంగా వెతికింది.

"ఆవిడకి గురి తప్పదమ్మా," అన్నాడు హోబర్ట్. "ఆవిడకి మా గోడతో పనిలేదు."

అందరూ నవ్వారు. లోరీన్ కూడా మూతి సాగదీసి నవ్వింది.

తర్వాతి పొద్దున మొగుడూ పెళ్ళాం ఎప్పటిలాగే ఒకే లోయకి చెరో కొసన కూర్చున్నారు. మంచు కరిగాక దుప్పి వచ్చింది. బలిసిన దుప్పి, పక్కకి తిరిగి ఆకులు నములుతోంది, రాయి విసిరినా తగిలే దూరం. లోరీన్ రెండు చేతులా తుపాకి ఎత్తింది. గురి దాని భుజం మీద కుదిరింది. అక్కణ్ణుంచి మెల్లగా పైకి జరిపి, దాని వీపు దాటించి, వెనకున్న తెల్ల ఓక్ చెట్టు మీద నిలిపి పేల్చింది. దుప్పి తెల్లటి తోక ఆడించుకుంటూ కొండెక్కిపోయింది.

ఆర్విల్ వచ్చాడు. నెత్తురు కోసం నేలంతా చూశాడు. తర్వాత ఓక్ చెట్టు బెరడులో బొక్క చూశాడు. అది ఆయన తలకంటే ఎత్తున ఉంది.

"తప్పింది," అంది లోరీన్.

ఆయన బొక్కలో వేలు పెట్టి తీశాడు. "నిన్న ట్వైలా తుపాకి మోత విన్నాను. నేను కట్టిన మెత్తనిది అలా మోగదు. ఖాళీ తూటా తీసి చూశా. ఎర్రబొట్టు గుండ్రంగా, అంచు దాటకుండా ఉంది. నేనంత నీటుగా పెట్టలేను."

లోరీన్ తల దించుకోలేదు. అంతవరకు అదిమిపెట్టినదంతా ఒక్కసారే బయటికొచ్చింది. "నా చెయ్యి ఎప్పుడైనా కొలిచావా నువ్వు? ఇది నాకు సరిపోతుందో లేదో అడిగావా? దీని మోతకి నా కుడి చెవి ఎప్పుడు పోయిందో తెలుసా నీకు?"

ఆర్విల్‌కి తెలీదు. ఆ సంగతి ఆయన మొహం మీదే కనపడింది. జేబులోంచి కత్తి తీసి, వంగి, ఆవిడ చొక్కా అంచు కోశాడు. అది హోబర్ట్ చెయ్యాల్సిన పని. కోసిన ముక్కని ఆవిడ అరచేతి చుట్టూ తిప్పి, కలిసిన చోట బొటనవేలితో నొక్కి గుర్తు చూసుకున్నాడు. లోరీన్ చెయ్యి లాక్కోలేదు. ముందు ట్వైలాది కొలిచాడుగా అని మాత్రం అనుకోకుండా ఉండలేకపోయింది.

దారిలో అడిగింది, బాబాయికి చెప్పేస్తే ఏమవుతుందని. తూటాలు మార్చి ఉంచితే గురి తప్పడం లెక్కలోకి రాదు, ట్వైలా ముక్క పీకేస్తాడు అన్నాడు ఆర్విల్. లోరీన్ నడక వేగం పెరిగింది. తప్పు ఒప్పుకోవడానికి ఆవిడ అంత హుషారుగా ఎన్నడూ వెళ్ళలేదు. ట్వైలా పేరు ఆ గోడ మీంచి పోతుంది, అదీ న్యాయంగానే పోతుంది. తిట్లు పడితే పడనీ.

గుడిసె తలుపు తీసింది. ట్వైలా వెనక గోడ దగ్గర ఒక్కతే నిలబడి ఉంది. వాచిన కుడిచేతిని గుండెకి అదుముకుని, ఎడమచేత్తో ఆ గళ్ళగుడ్డ ముక్కని నిమురుతోంది. తలుపు చప్పుడుకి సిగ్గుపడి, "ఇక్కడికొస్తే హార్లన్ కూడా నాతో ఉన్నట్టుంది," అంది.

లోరీన్ తూటాల మాట ఎత్తకుండా పొయ్యి దగ్గరకి వెళ్ళి కట్టెలు ఎగదోసింది.

హోబర్ట్ వచ్చి లోరీన్ చొక్కా ముక్క చూసి, ఇది కలా నిజమా అని గుడిసె ఎగిరిపోయేలా అరిచాడు. పేరు రాసి సుత్తి ఆర్విల్‌కి అందించి, ఎక్కడ కొట్టమంటావు అని లోరీన్‌ని అడిగాడు. ఆర్విల్ ముక్కకీ ట్వైలా ముక్కకీ మధ్య వేలు దూరే సందు లేదు.

"మధ్యలో," అంది లోరీన్. ఆ ఒక్క మాట ఆపుకోవడం ఆవిడ వల్ల కాలేదు.

అప్పుడు ట్వైలా నవ్వి, మొగుడూ పెళ్ళాల మధ్య నేనెందుకు అంటూ తన మేకుని ఎడమచేత్తో పట్టుకుని ఇటూ అటూ ఊపి పీకడం మొదలుపెట్టింది. కుడిచెయ్యి అలవాటున ఒకసారి లేచి, నొప్పికి మళ్ళీ కిందికి పోయింది. లోరీన్ అది చూసింది. ముందుకెళ్ళి, "నువ్వుండు," అని ఆ మేకు తనే పీకి, హార్లన్ చొక్కా ముక్కని ఓ జానెడు పక్కకి జరిపి, ఒక చేత్తో సాపుగా అదిమి పట్టుకుని, సుత్తి ఇమ్మని ఆర్విల్ వైపు చెయ్యి చాపింది.