పెద్దమ్మ సొంత గొంతు

పెద్దమ్మ పోయిందన్న కబురు మొన్న మధ్యాహ్నం ఆఫీసుకు ఫోనులో వచ్చింది. కాటన్‌పేట వఠారంలో వీధివైపు వాటాలో ఉండే దర్జీ చేశాడు. "అక్కా, పెద్దమ్మ లేదు. పొద్దున మిషనుకు పోయి పిండి ఆడించుకోని వచ్చింది. కాపీ తాగింది. రవ్వంత పండుకుంటానని లోపలికి పోయింది. అంతే," అన్నాడు. నేను టెలిఫోన్ ఆపరేటరుని. పరాయివాళ్ళ చావుకబుర్లు ఎన్నిటినో కలిపిన చేతులు నావి. అయినా ఆ మాట విన్నాక చెవికున్న హెడ్‌ఫోను తీసి బల్లమీద పెట్టి, ఏం చేయాలో తోచక కూర్చున్నాను. పక్క సీటు ఆమె ఎవరని అడిగితే "మా పాత ఓనరమ్మ" అన్నాను. ఆ మాట నాకే చాలలేదు.

ఇది చదువుతున్న మీలో కొందరికి ఆమె తెలిసే ఉంటుంది, ముఖం చూసి ఉండకపోయినా. సరిహద్దు జిల్లాల్లో ఆదివారం పొద్దున రేడియో పెట్టుకునే ఇళ్ళు చాలావాటికి ఆమె గొంతు ఇంట్లో మనిషి గొంతే.

డెబ్బయ్యవ దశకం చివర్లో నేను హిందూపురం వైపు నుంచి ఉద్యోగానికి బెంగళూరు వచ్చి, ఆమె వఠారంలో ఒక గది అద్దెకు తీసుకున్నాను. అప్పటికే ఆమెకు అరవై దాటాయి. ఆనేకల్ నేతవాళ్ళింటి ఆడపడుచు. భర్త పెట్టిన మగ్గాలను ఆయన పోయాక కూడా చాలా ఏళ్ళు నడిపి, ఇక గిట్టదనుకున్నాక అమ్మేసి, ఆ కొట్టం ఉన్నచోటే వరసగా గదులు కట్టించింది. ఇద్దరు కూతుళ్ళూ పెళ్ళిళ్ళయి దగ్గర ఊళ్ళలోనే ఉన్నారు. వాళ్ళు రమ్మంటే పోయేది, రెండు రోజులుండి వచ్చేసేది. "ఆడుంటే కూర్చోమంటారమ్మణ్ణీ. కూర్చోని కూర్చోని బేజారు," అనేది. మార్కెట్టుకు పోతే చీర కాస్త ఎత్తి దోపుకుని ఆమె ముందు నడిచేది, నేను వెనక పరుగెత్తేదాన్ని.

ఆమె గదిలో గూటిమీద ఒక రేడియో ఉండేది. దాన్ని ఊరికే వినేది కాదు, దానితో పోట్లాడేది. సైకిలు తగిలి యాభై అయిదేళ్ళ వృద్ధురాలికి గాయాలు అని వార్తల్లో వస్తే, "యాభై అయిదుకే వృద్ధురాలంట! ఆ సైకిలోడి వయసు చెప్పలేదేమి?" అని గట్టిగా అడిగేది. రేడియో జవాబు చెప్పేది కాదు. ఆమె మాత్రం కాసేపు ఆగి చూసేది.

నాకప్పుడు ఒక సరదా ఉండేది. గాంధీనగరులో ఒక మేడమీద చిన్న రికార్డింగు స్టూడియోలో రేడియోకు తెలుగు నాటికలు తీసేవారు. ఒక టానిక్కు కంపెనీ ఖర్చు పెట్టుకునేది. డ్యూటీ అయ్యాక వెళ్ళి నేను వాటిలో వేషాలు వేసేదాన్ని. నావన్నీ ముసలి వేషాలే. దర్శకుడు నేర్పిన పద్ధతి ఒకటే: మగవాడు ముసలివాడైతే మాటకు ముందు దగ్గాలి, ఆడదైతే గొంతు వణకాలి, కూర్చునేటప్పుడు "అమ్మా" అని మూలగాలి. ఇరవై నాలుగేళ్ళ పిల్లను నేను ఎంత బాగా మూలిగేదాన్నంటే, అందరూ మెచ్చుకునేవారు.

ఒకరోజు వాటిలో ఒక నాటిక రేడియోలో వస్తుంటే పెద్దమ్మ నన్ను పిలిచింది. అందులో ముసలి అత్తగారు గుక్కెడు గంజి కోసం కోడలిని బతిమాలుతోంది.

"యెవురమ్మణ్ణీ ఈ ముసల్ది? ఇంత అన్యాయంగా ఏడుస్తా ఉండాది?"

"నేనే పెద్దమ్మా," అన్నాను సంబరంగా.

ఆమె కళ్ళల్లో నీళ్ళు వచ్చేదాకా నవ్వింది. తరువాత నవ్వు ఆగిపోయింది. రేడియో కట్టేసి, "నా గొంతు వణుకుతా ఉండాదా?" అని అడిగింది.

"లేదు."

"మన వీధిలో యెవురి గొంతు వణుకుతా ఉండాది? పూలమ్మే అవ్వ పిలుపు మైసూరు రోడ్డుదాకా వినబడతాది. మరి ఈ గొంతు యాడినుంచి తెస్తివి నువ్వు?"

స్టూడియోలో దర్శకుడు నేర్పాడని చెప్పాను. "నన్ను ఆడికి పిలుచుకోనిపో," అంది.

దర్శకుడు గుంటూరు వైపు మనిషి, నలభై ఏళ్ళుంటాయి, మర్యాదస్తుడు. కుర్చీ వేసి కూర్చోబెట్టి ఆమె చెప్పిందంతా విన్నాడు. "అమ్మా, రేడియోలో ముఖం కనబడదు. వినేవాళ్ళకు ఈవిడ పెద్దావిడ అని తెలియాలి గదా? అందుకని కాస్త వణుకు, కాస్త మూలుగు," అన్నాడు.

"మనవణ్ణి పేరు పెట్టి పిలిస్తే తెలీదా? 'మీ తాత బతికినప్పుడు' అంటే తెలీదా?"

"మీరు ఒక్కసారి మూలిగి చూపించండి, వేషం ఇస్తాను."

"నాకు మూలుగు రాదప్పా. వచ్చినప్పుడు మూలుగుతాను. నీ కోసరం ఇప్పుడెట్ల మూలిగేది?"

ఆ రోజు అంతే. తిరిగొచ్చి బస్సు దిగేటప్పుడు పెద్దమ్మ, "ఆయప్ప మంచోడే. ముసలోళ్ళను దగ్గర్నుంచి చూసి చాలా రోజులయినట్టుండాది," అంది.

తరువాత వానాకాలంలో నాకు పడిశం పట్టి గొంతు పూర్తిగా పోయింది. మరునాడే రికార్డింగు. స్టూడియో బాడుగ కట్టేశారు, వేరే మనిషి దొరకలేదు. దర్శకుడు కబురు పంపితే పెద్దమ్మే "నేనొస్తాను పద" అని చెప్పులు తొడుక్కుంది. కొడుకూ కోడలూ తల్లిని ఎవరి దగ్గర ఉంచాలా అని వాదించుకుంటుంటే, తలుపు వెనకనుంచి విన్న తల్లి బయటికి వచ్చి "నేను మీకు బరువైపోయాను, ఆ దేవుడు నన్నెందుకు తీసుకుపోడు" అని ఏడ్వాలి. అదీ నాటిక. పెద్దమ్మ కాగితాలు ముందు నుంచి చివరిదాకా చదివింది. కళ్ళజోడు తీసి అడిగింది.

"ఈ యమ్మ పొద్దున్నుంచి ఏం చేస్తా ఉండాది?"

"అంటే?" అన్నాడు దర్శకుడు.

"ఇంట్లో ఉండే మనిషి కదప్పా? బిడ్డకు నీళ్ళు పోసిందా? కందులు చెరిగిందా? తలుపు వెనకాల నిలబడుకోనే ఉండాదా పొద్దున్నుంచి?"

"నాటికలో అదంతా లేదమ్మా."

"అట్లయితే ఈ బరువు మాట నా నోట రాదు. కొడుకును అననీ. నేను బదులు చెప్తాను."

దర్శకుడు వాచీ చూసుకున్నాడు, జుట్టు పీక్కున్నాడు, చివరికి సరేనన్నాడు. కొడుకు వేషగాడు "నువ్వు మాకు బరువైపోయావమ్మా" అన్నాడు. పెద్దమ్మ వాడివైపు తిరిగి, మామూలు గొంతుతో, వఠారంలో కుళాయి దగ్గర మాట్లాడినట్టే చెప్పింది: "నిన్ను సంకనేసుకోని ఆనేకల్ సంతకు నడిచిపోయినదాన్నిరా నేను. బరువని ఆ పొద్దు నేనంటినా? ఇప్పుడు నన్ను మోయమని యెవురడిగిరి మిమ్మల్ని? పక్కన నడవండి, చాలు."

కోడలి వేషం వేసిన అమ్మాయి తన మాట మరిచిపోయింది. దర్శకుడు టేపు ఆపలేదు.

ఆ నాటిక ప్రసారమయ్యాక టానిక్కు కంపెనీ మనిషి వచ్చాడు. "ఆ ముసలావిడ అంత గట్టిగా ఉంటే ఇక మా టానిక్కు కొనేదెవరండీ?" అన్నాడు. తమాషాకు అనడం లేదు. ఆమెను మార్చకపోతే తాము తప్పుకుంటామని ఖచ్చితంగా చెప్పాడు. దర్శకుడు నావైపు చూశాడు. నా గొంతు అప్పటికి బాగైపోయింది. మైకు ముందు నిలబడటమంటే నాకెంత ఇష్టమో ఆయనకు తెలుసు. కానీ నోరు తెరిస్తే నా వల్ల కాదని నాకు అర్థమైపోయింది. "ఆ మూలుగు నాకిక రాదు సార్," అన్నాను. ఆయన కంపెనీ మనిషికి కాఫీ తాగించి పంపించేశాడు.

నాటికలు ఆగిపోయాయి. ఆ వేషాల మీద ఇల్లు గడుపుకునేవాళ్ళు కొందరున్నారు. కొడుకు వేషగాడు వఠారానికి వచ్చి, "మీకేం పెద్దమ్మా, బాడుగలొస్తాయి. మా సంగతేంది?" అని నిష్ఠూరమాడి పోయాడు. ఆమె తల వంచుకోవడం నేను చూసింది ఆ ఒక్కసారే. "నా నోటి వల్ల నలుగురికి పని పాయె," అంది. ఆ పూట రేడియో పెట్టలేదు.

మరుసటి ఆదివారం నన్ను లేపి, "చిక్కపేటకు పోదాం పద," అంది. నాటికలకు ఖర్చు పెట్టుకోమని అడుగుతూ అంగడి అంగడీ ఎక్కాము. ముసలివాళ్ళ మాటలు ఎవరు వింటారమ్మా అన్నవాళ్ళే అందరూ. చివరికి ఒక పట్టుచీరల షావుకారు కూడా అదే అన్నాడు. పెద్దమ్మ అంగట్లోకి చూసింది. అక్కడ ఒక పెళ్ళివాళ్ళు చీరలు పరిపించుకుని కూర్చున్నారు.

"ఆడ చూడప్పా. చీర కట్టుకునేది ఆ పిల్ల. దుడ్డిచ్చేది వాళ్ళ నాయన. అంచు తిప్పి, జరీ గీకి, ఇది బాగుండాది అది వద్దు అంటా ఉండేది యెవురు?"

షావుకారు తిరిగి చూశాడు. ఒక అవ్వ చీర వెలుగుకు పట్టి చూస్తోంది. ఇల్లంతా ఆమె నోటివైపు చూస్తోంది. ఆయన పకపకా నవ్వి, "ఏమి చేయాల చెప్పమ్మా," అన్నాడు.

అలా మొదలైంది రేడియోలో ఆదివారం పావుగంట. ముందు నాటికలే, తరువాత పెద్దవాళ్ళతో మాటలు. పూలవ్వ వచ్చింది. రిటైరయ్యాక ఈత నేర్చుకున్న పోస్టుమాను వచ్చాడు. ఆనేకల్ నుంచి ఒక నేత పెద్దాయన వచ్చి, మనవరాలికి మగ్గం నేర్పుతూ తాను లెక్కలు నేర్చుకుంటున్నానని చెప్పాడు. ఏ జబ్బు ఉందని పెద్దమ్మ ఎవరినీ అడిగేది కాదు. "రేపేం చేస్తావు?" అని అడిగేది. ఆ ప్రశ్నకు కొందరు తడబడేవారు. ఎన్నాళ్ళుగానో వాళ్ళనెవరూ అది అడగలేదు.

ఆమె అంతా బాగుందని చాటించే మనిషేమీ కాదు. ఒకసారి చందాపుర నుంచి వచ్చిన ఒకామె మాట్లాడుతూ మాట్లాడుతూ కొడుకులను తలుచుకుని ఏడ్చేసింది. ఇదంతా తీసేయమంటుందనుకున్నాను. పెద్దమ్మ ఆమె చేయి పట్టుకుని, ఏడుపు అయ్యేదాకా కూర్చుంది. ఒక్క మాటా కత్తిరించనివ్వలేదు. "ఏడుపు దాచమని నేనెప్పుడంటిని? అదొక్కటే చూపొద్దంటిని," అంది. ఆ ఏడ్చినామె తరువాత మాటల్లో తను పెంచే గొర్రెల గురించి చెప్పింది. అందరికీ నచ్చింది ఆ గొర్రెల కథే.

టీవీలు వచ్చాక ఎవరో ధారావాహిక తీస్తూ ఆమెను పిలుచుకెళ్ళారు. కిటికీ దగ్గర కూర్చుని బయటికి చూడమన్నారు.

"యెవురి కోసరం చూసేది?"

"ఎవరి కోసమూ కాదండీ, ఊరికే."

"సుమ్నే కూర్చునే అలవాటు లేదప్పా నాకు. ఒక చాట ఇయ్యి."

ఆ దృశ్యంలో ఆమె రాగులు చెరుగుతూ, మధ్యలో తల ఎత్తి, వీధిలో ఎవరినో గదమాయిస్తుంది. వాళ్ళు రాసుకున్నది కాదు. అయినా ఉంచుకున్నారు.

పోయిన ఏడు జ్వరం వచ్చి లేచాక ఆమె గొంతులో వణుకు వచ్చింది. నిజమైన వణుకు. రికార్డింగులో కొత్త కుర్రవాడు మొహమాటపడుతూ, కాస్త విశ్రాంతి తీసుకుని మళ్ళీ చెబుతారా అని అడిగాడు. ఆమె టేపు మళ్ళీ వేయించి, తన గొంతు తానే శ్రద్ధగా విన్నది. "వణుకుతా ఉండాది, అవును. ఉండనీ. ఇది నాదే కదా, యెవురో నేర్పించింది కాదు కదా," అంది. ఆ తరువాత కూడా ప్రతి ఆదివారం ఆ గొంతుతోనే మాట్లాడింది. మాట తగ్గించలేదు.

దహనానికి దర్శకుడు వచ్చాడు. జుట్టు నెరిసిపోయింది. నా పక్కన నిలబడి మెల్లగా అన్నాడు: "ఇప్పుడు నా దగ్గరికి నాటిక రాసుకొచ్చే ప్రతివాణ్ణీ అడుగుతున్నానమ్మా, నీ ముసలమ్మ పొద్దున్నుంచి ఏం చేస్తోందయ్యా అని. సగం మంది కాగితాలు వెనక్కి తీసుకుపోయి మళ్ళీ రాసుకొస్తారు." ఆమె గురించి నేను విన్న మాటల్లో ఇంతకంటే పెద్ద మాట లేదు. పెళ్ళయి వఠారం విడిచి వెళ్ళాక కూడా నన్ను ఆదివారాలు మైకు ముందుకు లాక్కుపోయింది ఆమే. నా వయసు గొంతుతో, నా సొంత మాటలతో మాట్లాడటం నాకు అక్కడే అలవాటైంది. ఆ రుణం చెప్పుకోవడానికే ఇది రాస్తున్నాను.

ఆమెను చివరిసారి చూసింది పది పదిహేను రోజుల కిందట. నన్ను బస్సెక్కించడానికి స్టాపుదాకా వచ్చింది. వద్దంటే వినలేదు. బస్సు కదలకుండా కండక్టరు ఎవరితోనో వాదిస్తున్నాడు. కిటికీలోంచి చూస్తే ఆమె అప్పటికే రోడ్డు దాటేసి, అవతల తోపుడుబండి దగ్గర ఆగింది. బండి నిండా కొత్తగా వచ్చిన అవరెకాయలు, అదే మన అనపకాయలు. రాశిలో చెయ్యి పెట్టి ఒక కాయ తీసుకుంది. వేళ్ళతో నలిపి ముక్కు దగ్గర పెట్టుకుని కళ్ళు మూసుకుంది. బండివాడు తక్కెడ ఎత్తి పట్టుకుని నిలబడ్డాడు. బస్సు కదిలింది. ఆమె ఇంకా ఆ వాసన చూస్తూనే ఉంది.