కాలరక్క అడగాలనుకున్న ప్రశ్న

కుట్టు కంపెనీలో ఆమెను అందరూ కాలరక్క అంటారు. చొక్కాల కాలర్లు కుట్టే మిషను దగ్గర ఏళ్ళ తరబడి కూర్చుంటే అంటుకున్న పేరది. పేరు మీద ఆమెకు కోపమేమీ లేదు. ఎంతైనా మెడకు సంబంధించిన పని, అందరికన్నా ఎత్తులో ఉన్నట్టే అని తనే నవ్వేది. ఆ కంపెనీలో మెడకు సంబంధించిన సంగతి ఇంకొకటుంది. దాని ఊసెత్తితే మాత్రం ఆమె మొహం వేపాకు నమిలినట్టయ్యేది.

అక్కడ బాత్రూమ్‌కి వెళ్ళాలంటే బిళ్ళ కావాలి. మిషన్ల లైను మొత్తానికి ఒకటే బిళ్ళ. ఎర్ర ప్లాస్టిక్ బిళ్ళకు నూలు తాడు కట్టి సూపర్వైజరు బల్ల పక్కన మేకుకు తగిలించి ఉంచుతారు. లేచి వెళ్ళి, ఆవిడ ముందు నిలబడి, చంటిపిల్లలా అడిగి, ఆవిడ తలూపితే ఆ తాడు మెళ్ళో వేసుకుని వెళ్ళాలి. ఒకరు తిరిగొచ్చేదాకా ఇంకొకరు లేవకూడదు. ఆ తాడు ఎప్పుడూ తడిగానే ఉండేది. అది చెమట తడో, కడుక్కున్న చేతుల తడో, మరింకేదో, ఆలోచించకపోవడమే మేలు. అన్ని మెడలూ తిరిగి జిడ్డోడుతూ వచ్చి తన మెడకు అంటుకున్నప్పుడల్లా కాలరక్క కొంగుతో మెడ రుద్దుకునేది. ఆ బాధ పడలేక నీళ్ళు తాగడమే మానేసింది. అత్త మీద కోపం దుత్త మీద చూపినట్టు, తాడు మీద రోతంతా తన ఒంటి మీదే తీర్చుకుంది.

ఒళ్ళు ఊరుకుంటుందా? ముందు మంట, ఆ వెనకే చలిజ్వరం. డాక్టరమ్మ మందులు రాసి గట్టిగా చీవాట్లు పెట్టింది. నీళ్ళు బాగా తాగాలట, వచ్చినప్పుడు ఆపుకోకూడదట, ఇలాగే సాగితే కిడ్నీలు పాడవుతాయట. ఆపుకోకుండా బతకాలంటే కంపెనీ మారాల్సిందే. అందుకే ఇంకో కంపెనీలో సూపర్వైజరు కావాలని తెలియగానే అర్జీ పెట్టుకుంది. వచ్చి కలవమని కబురొచ్చింది.

ఈ సంగతి చెవిన పడగానే కాలరక్క సొంత అక్క మొగుడు రంగంలోకి దిగాడు. ఆయన కోచింగ్ సెంటర్లో గుమాస్తా. పిల్లల చేత ఫీజులు కట్టించుకుంటూ, గోడ అవతల చెప్పే పాఠాలు వింటూ ఇంటర్వ్యూల్లో పండితుడైపోయాడు. తను మాత్రం ఒక్కదాంట్లోనూ గట్టెక్కలేదు. తాను దూర కంత లేదు, మెడకో డోలు అని అక్క ఎత్తిపొడుస్తూనే వడ్డించింది. ఆయన పట్టించుకోలేదు. చివర్లో వాళ్ళు ‘మీరేమైనా అడుగుతారా’ అంటారనీ, అసలు పరీక్ష అక్కడే ఉందనీ, ఏమీ లేదని చేతులు కట్టుకుంటే పని పోయినట్టేననీ అన్నం కలుపుతూ బోధించాడు. కంపెనీ అయిదేళ్ళలో ఎంత ఎత్తుకు ఎదగాలనుకుంటోందో అడగాలట. ఆ ఎదుగుదలలో తన పాత్ర ఏమిటో అడగాలట. వింటుంటే కాలరక్కకు ఎవరో తన నోట్లో పాచిపోయిన పాయసం పోస్తున్నట్టనిపించింది. తనకు కావలసిన జవాబు ఒక్కటే. ఆ మాటే చెప్పింది. అక్కడ బాత్రూమ్‌కి వెళ్ళాలంటే ఎవర్నడగాలో కనుక్కుంటానంది.

బావ ముద్ద వదిలేసి ముక్కు మూసుకున్నాడు. తినే కంచం ముందు ఆ మాటలేమిటని విసుక్కున్నాడు. అక్కడ గనక నోరుజారి ఆ మాటంటే గెంటేస్తారన్నాడు.

“మీరు తినేటప్పుడు వినలేని మాట నేను రోజూ మెళ్ళో వేసుకుంటున్నా బావా,” అంది కాలరక్క.

ఆయన వదిలేసిన కంచం మళ్ళీ ముందుకు లాక్కున్నాడు.

కొత్త కంపెనీ ఆఫీసు గది చల్లగా, అత్తరు వాసనతో ఉంది. పిలిచేదాకా బయట కూర్చోబెట్టినంతసేపూ డాక్టరమ్మ మాట జవదాటకుండా సీసాడు నీళ్ళూ తాగేసింది. లోపల ఆఫీసరు మర్యాదస్తుడే. కూర్చోమన్నాడు, కాలరు ముక్క చేతికిచ్చి తప్పులు పట్టమన్నాడు, ఆమె చెప్పిన వాటికి తలూపాడు. చివరికి, బావ చెప్పినట్టే, మీరేమైనా అడుగుతారా అన్నాడు. ఎందుకైనా మంచిదని ఆమె ముందు అయిదేళ్ళ ప్రశ్న అడిగేసింది. ఆయన పొంగిపోయి చాలాసేపు ఏదేదో చెప్పాడు. ఆమెకు ఒక్క ముక్క బుర్రకెక్కలేదు. తన గొంతులోంచి బావ మాటలు వచ్చినందుకు తన మీద తనకే వెగటుగా ఉంది.

తరవాత అసలు ప్రశ్న అడిగింది. ఆయన ముక్కు మూసుకోలేదు సరికదా, మొహం చేటంతయింది. సూపర్వైజరుకు ఉండవలసిన చూపు మీకుందని మెచ్చుకున్నాడు.

“ఎవర్నో ఎందుకమ్మా, మిమ్మల్నే అడగాలి.”

మెళ్ళో తాళ్ళూ బిళ్ళలూ పాత మోటు పద్ధతులని ఆయనే అన్నాడు. ఇక్కడ తలుపు దగ్గర కార్డు గీకాలి. ఎవరు వెళ్ళారో, లోపల ఎంతసేపున్నారో సూపర్వైజరు ఫోనుకే వచ్చేస్తుంది. తన ఫోను తీసి చూపించాడు కూడా. ఆడవాళ్ళ పేర్లు వరసగా ఉన్నాయి. ఆలస్యమైన వాళ్ళవి ఎర్రగా వెలుగుతున్నాయి. ఒకామె మూడుసార్లు వెళ్ళినట్టుంది. ఆమెకు కడుపు బాగాలేదేమో, నెలసరేమో, అదంతా ఈ చల్లటి గదిలో ఒక మగవాడి అరచేతిలో ఉంది. పరాయివాళ్ళ స్నానాల గదిలోకి తొంగిచూసినట్టు కాలరక్క చటుక్కున కళ్ళు తిప్పుకుంది.

మరి తను వెళ్ళాలంటే అని అడిగింది. మీకా బాధ లేదన్నాడు. స్టాఫ్ బాత్రూమ్ వేరే ఉంది, తాళంచెవి మీ దగ్గరే ఉంటుందన్నాడు. ఒక్క క్షణం ఆమెకు ప్రాణం లేచొచ్చింది. అలా లేచొచ్చినందుకు మరుక్షణమే అసహ్యమేసింది.

“నా లైను వరకు ఆ కార్డు లేకుండా నడుపుతానండీ. పని తగ్గితే నన్నడగండి.”

ఆయన ఇంట్లో పిల్ల ఏదో ముద్దుమాట అన్నట్టు నవ్వాడు.

“అది చూడకపోతే ఇంక మీరెందుకమ్మా?”

కాలరు ముక్క ఇంకా బల్ల మీదే ఉంది. అందులో ఆమె పట్టిన తప్పులతో వాళ్ళకు పనే లేదు. ఎవరు లేస్తున్నారో చూసే రెండు కళ్ళు కావాలి, అంతే. ఈ పని తనకొద్దని చెప్పి ఆమె లేచింది. ఆయన మొహంలో మర్యాద చల్లారిపోయింది. కలం మూత పెట్టి, ఇంకొకరిని పిలవమని గంట నొక్కాడు.

తాగిన నీళ్ళు అప్పటికే పొత్తికడుపులో పోటు పెడుతున్నాయి. ఇంటికి చాలా దూరం. ఇంత జరిగాక అడగడానికి సిగ్గేసింది, అయినా తలుపు దగ్గర ఆగి, వెళ్ళేముందు ఒకసారి ఆ స్టాఫ్ బాత్రూమ్ వాడుకోవచ్చా అని అడిగింది.

ఆయన తలెత్తలేదు.

“అది స్టాఫ్‌కి మాత్రమేనమ్మా.”